పెద్దల నోట క్రొత్త కీర్తన

చదువవలసిన భాగములు: 2 సమూయేలు 19:31-39, లూకా 1:57-79



ఆదివారపు ఆరాధనలో యౌవనస్థులు క్రొత్త పాట ఎత్తుకొనగానే మనలో పెద్దవారి నోళ్లు మూతపడుచున్నవి. రాగము తెలియదు, మాటలు అందవు, వాయిద్యముల హోరు ఎక్కువ. పాత కీర్తన ఎత్తుకొనినప్పుడు పిల్లలు దిక్కులు చూచుచున్నారు. ఒకే మందిరములో కూర్చుండి రెండు సంఘములవలె ఉన్నాము. దీనినిగూర్చి వాక్యము మనకేమి నేర్పుచున్నది?

దావీదు అబ్షాలోమునకు భయపడి పారిపోయిన దినములలో గిలాదీయుడైన బర్జిల్లయి అతనికి ఆహారమిచ్చి పోషించెను. తరువాత రాజు అతనిని యెరూషలేమునకు రమ్మనగా, తాను 80 ఏండ్లవాడననియు, గాయకుల స్వరము తన చెవికి ఇక రుచింపదనియు చెప్పెను. ఆ మాట నిజమే. వయస్సు మీరగా చెవి మందగించును. సన్నని స్వరములు ముందుగా వినబడకుండ పోవును. ఇది దోషము కాదు. అయితే తాను వినలేని పాట ఎవరికిని వద్దని ఆ వృద్ధుడు అనలేదు. తనకు బదులుగా కింహామును రాజుతో పంపెను. చెవి మూతపడినను హృదయము మూతపడలేదు.

జెకర్యాయు వృద్ధుడే. దూత మాట నమ్మనందున మూగవాడాయెను. బిడ్డ పుట్టిన ఎనిమిదవ దినమున పలకమీద యోహాను పేరు వ్రాసిన వెంటనే అతని నోరు తెరవబడెను. యాజకుడు గనుక దేవాలయపు కీర్తనలు అతనికి కొత్త కావు. అయినను ఆ దినమున అంతవరకు ఎవరును పాడని పాట అతని నోట వచ్చెను. దేవుడు క్రొత్త మేలు చేయగా పాటయు క్రొత్తదాయెను. మన దేవుడు మన ముసలితనములో మేలు చేయుట మానెనా? మానలేదు గదా!

మనము ప్రాణముగా ఎంచు పాత కీర్తనలును ఒకనాడు క్రొత్తవే. పురుషోత్తమ చౌదరిగారు (1803-1890) మన దేశపు రాగతాళములలో క్రీస్తును స్తుతించినప్పుడు, వాటిని మొదట నేర్చుకొనినవారిలో నెరసిన తలలవారును ఉండియుందురు గదా. వారు నేర్చుకొనినందుననే అవి మనవరకు వచ్చినవి.

కావున పెద్దలారా, రాగమునుబట్టి గాక సారమునుబట్టి పాటను పరీక్షింతము. అందులో క్రీస్తు సిలువయు, ఆయన కృపయు ఉన్నయెడల నేర్చుకొందము. చదువురానివారికి మనుమలు ఒక్కొక్క చరణము చెప్పవచ్చును. పిల్లలారా, మీరును తాతయ్య, నాయనమ్మల యొద్ద ఒక పాత కీర్తన నేర్చుకొనుడి. వారికి అందునట్లు నెమ్మదిగా పాడుడి. సాయంకాలపు కుటుంబ ప్రార్థనలో నెలకొక పాట ఇచ్చిపుచ్చుకొనిన చాలును.

ప్రకటన గ్రంథము అయిదవ అధ్యాయము చూడుడి. గొఱ్ఱెపిల్ల యెదుట సాగిలపడి క్రొత్త పాట పాడువారిలో ఇరువది నలుగురు పెద్దలున్నారు. పరలోకమందు పెద్దలే క్రొత్త పాట పాడుచుండగా, ఇక్కడ మనము నోరు మూసికొని కూర్చుండ తగునా? అక్కడ పాడవలసిన నోటిని ఇక్కడనే సిద్ధపరచుకొందము. ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.