చూసిపోయేవాళ్ళ తీర్పు

స్టీవెనేజ్ టౌన్ సెంటర్ చూసొచ్చినవాళ్ళు చాలామంది అనే మాట ఒకటే: "అంతా కాంక్రీటు, జీవం లేదు." నాకూ అక్కడ కళ్ళకి ఇంపుగా కనిపించినవి తక్కువే. చదునైన కప్పుల దుకాణాలు, నడుమ ఖాళీ జాగా, చిన్న కొలనులో గడియారస్తంభం. అయినా ఆ తీర్పు నాకు మింగుడుపడదు.

లండన్‌కి ఉత్తరాన ఉన్న ఈ ఊరిని 1946లో, కొత్త పట్టణాల చట్టం కింద అన్నిటికంటే ముందు ఎంపిక చేశారు. బాంబులు పడిన లండన్‌లో ఇరుకు గదుల్లో సర్దుకున్నవాళ్ళకి ఇక్కడ సొంత స్నానాలగది, కాస్త పెరడు దొరికాయి. 1959లో రాణి ప్రారంభించిన ఈ సెంటర్‌ని నడిచేవాళ్ళ కోసమే కట్టారు. కార్ల భయం లేదు, పిల్లాడి చెయ్యి వదిలేసి నడవొచ్చు. ఫోటోలో పడని అందం అది.

అలాగని అక్కడివాళ్ళ మాటే వేదమా? ఏ అక్కడివాళ్ళు? పాత ఊరివాళ్ళు దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. స్టాలిన్‌గ్రాడ్‌ని గుర్తుచేసేలా, మంత్రి సిల్కిన్ పేరు కలిపి, స్టేషన్ బోర్డు మీద 'సిల్కిన్‌గ్రాడ్' అని పెట్టారు. ఒకరికి ఇల్లు వచ్చిన చోటే ఇంకొకరి పొలం పోయింది.

అందుకే ఊరు ఎలా ఉంది అన్న ప్రశ్న ఒక్కటీ చాలదు. ఎవరికి ఏమిచ్చింది, ఎవరి దగ్గర ఏం తీసుకుంది అని కూడా అడగాలి. గంటసేపు తిరిగినవాడికి "నాకు నచ్చలేదు" అనే హక్కు ఉంది. "జీవం లేదు" అనాలంటే మాత్రం, ముందు అక్కడ బతికినవాళ్ళని అడగాలి.