లేవమని అడిగేదెవరు?

ఆర్టీసీ బస్సులో స్త్రీల సీట్లో ఓ మగాయన దర్జాగా కూర్చుని ఉంటాడు. పక్కనే ఓ పెద్దావిడ సంచీ కాళ్ల మధ్య పెట్టుకుని, రాడ్డు పట్టుకుని ఊగుతూ ఉంటుంది. సీటు ఎవరిదో పైన రాసే ఉంది, అందరికీ కనిపిస్తూనే ఉంది. అయినా సగం మంది కిటికీలోంచి బయటికి, మిగతా సగం ఫోన్లలోకి చూస్తారు. ఎప్పుడో ఓసారి వెనకనుంచి, "ఏమయ్యా, పెద్దావిడకి సీటియ్యి" అని ఒక గొంతు లేస్తుంది. ఎలాంటి మనిషై ఉంటాడు ఆ గొంతు గలవాడు?

కోపిష్టి అనుకుంటాం. ఆ మాటకి ఆధారమూ ఉంది. ఎర్న్‌స్ట్ ఫేర్, సైమన్ గెఖ్టర్ అనే అర్థశాస్త్రవేత్తలు 2002లో ప్రచురించిన ప్రయోగంలో, ఉమ్మడి హుండీలో డబ్బు వేయకుండా లాభం మాత్రం పంచుకునేవాడికి జరిమానా వేసే వీలు కల్పించారు. అవతలివాడికి 3 పోవాలంటే వేసేవాడికి 1 పోతుంది. మళ్లీ అతనితో ఆట పడదు కాబట్టి తనకొచ్చే లాభమూ లేదు. అయినా చాలామంది వేశారు. కారణం కోపమేనని తేల్చారు.

అయితే అక్కడ ఎవరికెవరూ తెలియదు. బస్సులో మొహం మొహం చూసుకోవాలి. నేను గమనించినంతలో చిరాకు మనుషులు లోలోపల గొణుక్కుని, ఇంటికెళ్లి చెప్పుకుంటారు. నోరు తెరిచి అడిగేది నలుగురిలో కలివిడిగా తిరిగేవాడు, "నీకెందుకోయ్" అనిపించుకున్నా దులిపేసుకోగలవాడు.

ఈ స్వభావాన్ని పూర్తిగా మెచ్చుకోలేను. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపిస్తే, అందులో పాల్గొన్నవాళ్లను వెలివేయాలని పట్టుబట్టినవాళ్లూ కట్టుబాటు కోసం నోరు తెరిచినవాళ్లే. తెగువ ఉన్నంత మాత్రాన నిలబెడుతున్న కట్టుబాటు మంచిదైపోదు. నేను చూసేది ఒక్కటే: ఆ నోరు ఎవరి మీద లేస్తోంది? కాలేజీ కుర్రాణ్ని గద్దించి లేపినవాడే, అదే సీట్లో తెల్లచొక్కా నాయకుడు కూర్చుంటే చూపు తిప్పుకోవడం మనకు తెలియంది కాదు. అతనిది నా లెక్కలో పెత్తనమే.

నాయకుణ్ని సైతం లేవమనేవాడు అరుదు, పైగా ఒంటరి. మొదటి గొంతు మీది కాకపోయినా ఫర్వాలేదు. వాడు అడిగిన మరుక్షణం "అవునండీ, లేవండి" అని మీరూ ఒక మాట కలపండి.