రాళ్లు మోసినవారు ఎవరు?

మొన్న ఆదివారం దివ్యపూజ అయ్యాక డిగ్రీ చదివే ఒక అబ్బాయి నన్ను ఆపాడు. "ఫాదర్, యెహెజ్కేలు ప్రవక్త చూసింది దేవుని మహిమేనా, లేక వేరే గ్రహం నుండి వచ్చిన వాహనమా?" అని అడిగాడు. వేళాకోళం కాదు. ఎక్కడో చూశాడట, మనసులో పట్టుకుంది.

ఈ వాదం కొత్తది కాదు. 1968లో స్విట్జర్లాండుకు చెందిన ఎరిక్ ఫాన్ డానికెన్ అనే హోటలు మేనేజరు రాసిన పుస్తకంతో ఇది లోకమంతా పాకింది. పూర్వం గ్రహాంతరవాసులు భూమికి దిగివచ్చారనీ, మన పెద్దలు వారినే దేవుళ్లనుకున్నారనీ ఆయన వాదన. తరువాత నాసాలో పనిచేసిన బ్లూమ్రిక్ అనే ఇంజినీరు ప్రవక్త వర్ణించిన చక్రాలను బట్టి ఏకంగా ఒక వ్యోమనౌక నమూనాయే గీశాడు.

ప్రియ పాఠకులారా, ఇతర లోకాలలో జీవులు ఉండవచ్చునా అన్నది వేరే ప్రశ్న. ఉండవచ్చునని 2008లో వాటికన్ ఖగోళ పరిశోధనశాల అధిపతి ఫాదర్ ఫూనెస్ గారే అన్నారు. ఇక్కడి చిక్కు అది కాదు. యెహెజ్కేలుకు దర్శనం కలిగింది బబులోను చెరలో, కెబారు నది ఒడ్డున, దేవాలయానికి దూరమై కుమిలిపోతున్న జనం మధ్య. సింహాసనానికి చక్రాలెందుకు? ప్రభువు యెరూషలేములోనే కూర్చుని ఉండడు, చెరలోకి కూడా వస్తాడని. దాన్ని యంత్రంగా చదివితే చక్రాలు మిగులుతాయి, ఓదార్పు పోతుంది.

నన్ను ఇంకా ఎక్కువ బాధించేది పిరమిడ్ల మాట. అంత పని మనుషుల వల్ల అయ్యేది కాదంటారు. 1990లో గీజా పిరమిడ్ల దగ్గరలోనే పనివారి సమాధులు బయటపడ్డాయి. బరువులు మోసి అరిగిన వెన్నుపూసలు, విరిగాక కట్టు కడితే చక్కగా అతుక్కున్న చేతి ఎముకలు కనబడ్డాయి. వారికి రొట్టెలు కాల్చిన చోట్లు కూడా దొరికాయి. 2013లో ఎర్రసముద్రం ఒడ్డున, వాదీ అల్ జర్ఫ్‌లో, మేరేర్ అనే మేస్త్రీ రాసుకున్న దినచర్య పపైరస్ ముక్కల మీద దొరికింది. సుమారు 40 మందితో తూరా గనుల సున్నపురాయిని పడవలకెత్తి నైలు నది మీదుగా గీజాకు చేర్చిన లెక్క అది. నాలుగున్నర వేల ఏళ్ల నాటి కూలీల చెమట లెక్క!

ఆఫ్రికాలోని గ్రేట్ జింబాబ్వే రాతికోట సంగతీ ఇంతే. అక్కడ ఆకాశవాసుల పేరు చెప్పలేదు గాని, నల్లవారు కట్టలేరు, ఎవరో పరదేశులు కట్టి ఉంటారన్నారు. కట్టింది స్థానికులేనని 1905లోనూ, మళ్లీ 1929లోనూ తవ్వి చూపించినా రొడీషియా పాలకులు ఆ మాటను అణచివేయాలనే చూశారు.

ఇదంతా చెబితే ఆ అబ్బాయి కొంతసేపు మౌనంగా ఉండి, "మా తాత ఈ గుడి పునాదికి రాళ్లు మోశాడు ఫాదర్" అన్నాడు. ఇద్దరం వెళ్లి గోడలోని శిలాఫలకం చూశాం. మేత్రాణులవారి పేరు ఉంది, దాతల పేర్లు వరుసగా ఉన్నాయి.