ఆలస్యం ఎవరి ఖాతాలో?

గుణదల మాత తిరునాళ్ళు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో. మూడో రోజు రాత్రి, కొండ దిగే జనం ఇంకా పలచబడకముందు, పడవలరేవు వైపు ఒక ఇంటి అరుగు మీద ఇద్దరు మాట్లాడుకుంటున్నారనుకుందాం. మేనమామ ఒక ప్రభుత్వ బీమా కంపెనీలో క్లెయిములు చూసి రిటైరైనవాడు. మేనకోడలు సూర్యారావుపేటలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్కులో పనిచేస్తుంది. ఇద్దరూ నా కల్పనే. వాళ్ళ నోట వచ్చే చట్టాలూ తేదీలూ కల్పన కావు.

మేనకోడలు: ఒకటి అడుగుతాను మామయ్యా, కంపెనీ మనిషిలా కాకుండా చెప్పు. నిన్న గుండెనొప్పితో ఒకాయన చేరాడు. పామర్రు దగ్గర పల్లెటూరు. పాలసీ తీసుకుని రెండేళ్ళు. బీపీ ఎన్నాళ్ళ నుంచని డ్యూటీ డాక్టరు అడిగితే వాళ్ళావిడ గుర్తులేదంది. కేస్‌షీట్లో ఆ గడి ఖాళీగా వదలకూడదని ఆయన ఐదేళ్ళని రాసేశాడు. ఇప్పుడు దాని మీద బీమా కంపెనీ నుంచి క్వెరీ వచ్చింది. ముందే ఉన్న జబ్బు దాచి పాలసీ తీసుకున్నారట. ఆ అంకె దిద్దమని డాక్టర్ని అడగనా?

మామయ్య: దిద్ది ఎంతని రాయిస్తావు?

మేనకోడలు: ఏడాది.

మామయ్య: ఏడాదని నీకెవరు చెప్పారు?

మేనకోడలు: ఎవరూ చెప్పలేదు. ఐదని ఆయనకు మాత్రం ఎవరు చెప్పారు?

మామయ్య: అయితే తెలియదని రాయించు. నిజం అదేగా.

మేనకోడలు: తెలియదంటే ఇంకో క్వెరీ. మొదట చూపించుకున్న చీటీ పంపమంటారు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర మాత్ర మింగినవాడికి చీటీ ఎక్కడ దొరుకుతుంది?

మామయ్య: దొరకదు. అయినా ఏడాదని రాస్తే అబద్ధమే. ఆ డబ్బు కంపెనీ వాళ్ళ నాయన సొమ్మేం కాదు తల్లీ, ప్రీమియం కట్టిన అందరిదీ. ఇవాళ నువ్వు దిద్దిన అంకె వచ్చే ఏడు ఇంకెవరి ప్రీమియంలోనో తేలుతుంది.

మేనకోడలు: వాళ్ళెవరూ నా కౌంటరు ముందు లేరు. ఈవిడ ఉంది. పొద్దున్నుంచీ కాఫీ కూడా తాగలేదు.

మామయ్య: కౌంటరు ముందు లేనివాళ్ళ కోసమే రూలు పెట్టేది. ఎదురుగా ఉన్న మనిషిని చూసి జాలిపడటానికి రూలెందుకు, ఒంట్లో రక్తం ఉంటే చాలు.

ఇంతవరకూ మామయ్యదే న్యాయమనిపిస్తుంది నాకు. కాకపోతే ఆయన ఆ న్యాయాన్ని కౌంటరుకు ఇవతల ఎప్పుడూ నిలబడకుండా మాట్లాడుతున్నాడు. ఆమెకు తోచిన జవాబు ఆ ఇవతల నుంచే వచ్చింది.

మేనకోడలు: సరే, రూలుంది. రూలు వెనకాల ఇంత అనుమానం దేనికి? చేరగానే ముందస్తు అనుమతి, అదే ప్రీఆథ్, బెడ్ మీద ఉన్నట్టు ఫొటో, ఆపరేషన్ అయినట్టు ఫొటో, మళ్ళీ డిశ్చార్జికి అప్రూవల్. రోగిని చూసి ముందు దొంగనుకుని, తర్వాత కాదని తేల్చుకున్నట్టు ఉంటుంది.

మామయ్య: అనుమానం ఊరికే పుట్టలేదే. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైంది. తెల్లకార్డు మనిషి కార్పొరేట్ ఆసుపత్రి మెట్లెక్కాడు. అది గొప్ప సంగతి, నేను కాదనను. ఆ వెంటనే ఏమైంది? కడుపునొప్పని పోయిన ఆడవాళ్ళకి అవసరం లేకపోయినా గర్భసంచులు తీసేశారు. ముప్ఫై ఏళ్ళయినా నిండని వాళ్ళకి కూడా. చివరికి ఆ ఆపరేషను ప్రభుత్వాసుపత్రుల్లోనే చేయాలని పెట్టాల్సొచ్చింది. అప్పుడు ఎవరైనా గట్టిగా అనుమానించి ఉంటే ఎంతమంది బతుకులు బాగుండేవి?

మేనకోడలు: ఆ అనుమానం డాక్టరు మీద పడాలి, ఆసుపత్రి మీద పడాలి. బీపీ తేదీ గుర్తులేని మనిషి మీద పడితే ఎట్లా?

మామయ్య: సాక్ష్యం అడగటం అవమానమంటే ఈ కొండ మీద అమ్మ దగ్గరా అవమానమే. ఈమె లూర్దు మాతేగా. లూర్దులో 1883 నుంచీ ఒక వైద్య కార్యాలయం ఉంది. స్వస్థత కలిగిందని ఎవరైనా చెబితే పాత రిపోర్టులన్నీ తెప్పించి పరీక్షిస్తారు. ఇప్పటిదాకా ఏడు వేల పైచిలుకు కేసులు వచ్చాయి. అద్భుతమని చర్చి ఒప్పుకున్నవి డెబ్భై పైచిలుకు. దేవుడి పనికే అంత స్క్రూటినీ ఉంది.

మేనకోడలు: బాగుంది. మరి ఆ ఏడు వేలమందీ ఫైలు తేలేదాకా ఎక్కడున్నారు?

మామయ్య: ఎక్కడుంటారు, ఇళ్ళల్లో.

మేనకోడలు: అదీ. స్వస్థత అయ్యాక అడిగారు. నమ్మకపోయినా జబ్బు తిరిగి రాదు. ఎన్నేళ్ళయినా విచారించుకోవచ్చు. మా దగ్గర ఒంటికి సెలైన్ ఉండగానే విచారణ. అద్భుతాన్ని అనుమానిస్తే ఆలస్యం చర్చిది. నన్ను అనుమానిస్తే ఆలస్యం నాది. గది అద్దె మీటరు తిరుగుతూ ఉంటుంది.

మామయ్య వెంటనే ఏమీ అనలేదు. ఫిబ్రవరి 11 కేథలిక్ లోకంలో రోగుల దినం కూడా. రెండో జాన్‌పాల్ పోపు 1992లో పెట్టాడు. ఈ అరుగు మీద ఉన్న ఇద్దరికీ ఆ సంగతి తెలుసో లేదో.

మేనకోడలు: మొన్న అక్టోబరు గుర్తుందా? 2025లో. బకాయిలు రెండున్నర వేల కోట్లు దాటాయని స్పెషాలిటీ ఆసుపత్రుల సంఘం పదో తారీఖు నుంచి ఆరోగ్యశ్రీ సేవలు ఆపేసింది.

మామయ్య: ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ.

మేనకోడలు: ఏ పేరైనా కౌంటరు అదే. ప్రభుత్వం ఆసుపత్రికి ఆలస్యం చేసింది, ఆసుపత్రి రోగికి ఆలస్యం చేసింది. కాలవలో నీళ్ళు తగ్గితే ఎండేది శివారు చేలేగా, ఇదీ అంతే. మొవ్వ నుంచి డయాలసిస్‌కి వచ్చిన మనిషికి కుదరదని చెప్పింది సెక్రటరీ కాదు, ఎండీ కాదు. నేను. తప్పెవరిదని అడిగితే ప్రతివాడి దగ్గరా సరైన కాగితం ఉంది. 

మామయ్య: ఇకమీదట రెండున్నర లక్షల దాకా ఖర్చు బీమా కంపెనీది, ఆపైన పాతిక లక్షల దాకా వైద్యసేవ ట్రస్టుది అని కేబినెట్ నిర్ణయించిందిగా.

మేనకోడలు: అంటే నాకు ఒక పోర్టల్ బదులు రెండు.

మామయ్య: (నవ్వి) ఆ ఎదురుగా ఈఎస్ఐ ఆసుపత్రి లేదూ? 1948 నాటి చట్టంతో మొదలైంది. నీ జీతంలో ముప్పావు శాతం, యజమాని వాటా మూడుంపావు. అక్కడికి పోతే క్లెయిము లేదు, క్యాష్‌లెస్ అనే మాటే లేదు. నేరుగా డాక్టరు. అట్లాంటిది ఉండగా...

మేనకోడలు: జీతం 21,000 దాటకూడదు. నాకు పోయినేడు ఇంక్రిమెంటు ఇచ్చారు. దాటింది. ఇప్పుడు మూడు లక్షల గ్రూప్ పాలసీ. గది అద్దె ఒక శాతమే ఇస్తారు, మూడు వేలు. ఆరు వేల గదిలో చేరితే సర్జన్ ఫీజు దగ్గర్నుంచీ సగం కోత. రోజూ జనానికి చెప్పే లెక్కే. చెప్పేటప్పుడు నాకే సిగ్గేస్తుంది.

సిగ్గెందుకని మామయ్య అడగలేదు, నేను అడుగుతాను. ఆ రూలు ఆమె రాయలేదు, ఆ కోత ఆమె జేబులోకి రాదు. అయినా బీమా వ్యవస్థకు రోగి చూసే ముఖం ఆమెదే. తిట్లు తినడం కూడా ఆ జీతంలో భాగమేనని ఏ అపాయింట్‌మెంట్ ఆర్డరులోనూ ఉండదు.

మామయ్య: ఆలస్యం సంగతి అన్నావు కదా. 2024 మే 29న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఒక మాస్టర్ సర్క్యులర్ ఇచ్చింది. క్యాష్‌లెస్‌కి గంటలో జవాబు చెప్పాలి. డిశ్చార్జి అప్రూవల్ మూడు గంటల్లో. అది దాటితే ఆసుపత్రి వేసే అదనపు ఖర్చు కంపెనీయే భరించాలి. ఎందులోంచో తెలుసా? ప్రీమియం డబ్బులోంచి కాదు, వాటాదారుల నిధిలోంచి. నేను సర్వీసులో ఉండగా అట్లాంటి వాక్యం చూడలేదు.

మేనకోడలు: నువ్వు ఇందాక అన్న అందరి సొమ్ము కాదన్నమాట.

మామయ్య: కాదు. ఈ ఒక్కచోట ఆలస్యం చేసినవాడి ఖాతాలోనే ఆలస్యం పడుతుంది.

మేనకోడలు: పడాలంటే ఎవరైనా అడగాలి. రోగికి మూడు గంటలు ఎప్పుడు మొదలయ్యాయో తెలియదు. ఆసుపత్రి అడగదు, నెట్‌వర్క్‌లోంచి తీసేస్తారని భయం.

మామయ్య: ఫైనల్ బిల్లు పంపిన టైము, అప్రూవల్ వచ్చిన టైము, మధ్యలో ఎన్ని క్వెరీలు వచ్చాయో ఎక్కడైనా ఉంటుందా?

మేనకోడలు: పోర్టల్లో ఉంటుంది. నిమిషాలతో సహా.

మామయ్య: రోగికి ఇస్తారా?

మేనకోడలు: ఇప్పటిదాకా అడిగినవాళ్ళు లేరు.

మామయ్య: అడక్కుండా ఇవ్వకూడదని రూలుందా?

మేనకోడలు: (కాసేపు ఆలోచించి) లేదు. డిశ్చార్జి సమ్మరీతో పాటు ఒక ప్రింటు తీసివ్వడమేగా. అందులో అబద్ధం కూడా లేదు. మా మేనేజరు చూస్తే మాత్రం ఊరుకోడు.

మామయ్య: ఏమంటాడు?

మేనకోడలు: ఎవరు ఇవ్వమన్నారంటాడు. పామర్రు ఆయన డిశ్చార్జి ఎల్లుండి. బీపీ గడిలో తెలియదనే రాయిస్తాను. ప్రింటు ఇస్తాను. క్వెరీ వస్తే మూడు గంటల లెక్క వాళ్ళావిడే అడుగుతుంది, ఎట్లా అడగాలో నేను చెప్తాను.