అచ్చుతప్పు ఎవరి తప్పు?

పూజ ముగిసిన పిదప భక్తుడు చేతులు జోడించి ఒక ప్రార్థన చేయును. తాను పలికినదానిలో అక్షరము జారినను, పదము తప్పినను, మాత్ర లోపించినను మన్నింపుమని వేడుకొనును. వినయము మూర్తీభవించిన ప్రార్థన అది. కాని ఆ అక్షరము జారినది అతని నాలుకపై గాక అతని చేతిలోని పుస్తకమునందే యైనచో, క్షమాపణము వేడవలసినవారెవరు?

ఒక వృద్ధురాలిని ఊహింతము. గురుముఖమున నేర్చుకొను భాగ్యము ఆమెకు కలుగలేదు. చిన్న అచ్చు పుస్తకమే ఆమెకు గురువు. వైరాగ్యమును బోధించు ఒక చోట 'అనిత్యము' అని యుండవలసినది 'నిత్యము' అని అచ్చైనది. ఆమె ఏండ్ల తరబడి దానిని అట్లే పఠించినది. భగవంతుడు భావమును గ్రహించువాడు. ఆమె పూజ వ్యర్థమైనదని ఎవ్వరును అనజాలరు. ఐనను ఆమెను కాపాడిన ఆ భావశుద్ధి, పుస్తకమును అచ్చొత్తించినవానిని గూడ కాపాడునా?

మన పూర్వులు అక్షరము నెడ చూపిన శ్రద్ధ అసామాన్యము. వేదమును పదము, క్రమము, జట, ఘనము అను పాఠములుగా వల్లించి, పదములను ముందునకును వెనుకకును మార్చి పలుకుచు, ఒక్క స్వరమైనను జారకుండునట్లు కట్టుదిట్టము చేసిరి. ఇంద్రుని చంపగల పుత్రుని కోరి త్వష్ట హోమము చేయగా, స్వరము తప్పుటచే అర్థము తలక్రిందులై, పుట్టిన వృత్రుడు ఇంద్రునిచేతనే హతుడయ్యెనను గాథను వారు మరువలేదు.

తాళపత్రములపై గ్రంథములను వ్రాసిన లేఖకులు తరచుగా చివర ఒక మనవి చేర్చెడివారు: చూచిన ప్రతి ఎట్లున్నదో అట్లే వ్రాసితిమి, తప్పొప్పుల దోషము మాది కాదు అని. ఆ మాటలో కొంత న్యాయము కలదు. ఒక లేఖకుని తప్పు ప్రధానముగా ఆ ప్రతిని, దానిని చూచి వ్రాసిన ప్రతులను మాత్రమే అంటును. వేరొక ప్రతితో పోల్చి దానిని పట్టుకొనవచ్చును. 19వ శతాబ్దమున సి. పి. బ్రౌను పెక్కు ప్రతులను సేకరించి, పండితులచే పోల్చి చూపించి తెలుగు గ్రంథములను పరిష్కరింపజేసెను. పూనాలోని భండార్కరు సంస్థవారు 1919లో మహాభారత సంశోధనమునకు పూనుకొని, 1,259 వ్రాతప్రతులను పరిశీలించి 1966లో దానిని ముగించిరి.

అచ్చుతప్పు అట్టిది కాదు. వేయి ప్రతులలో ఒకే చోట, ఒకే రూపమున నిలుచును. వేయిమంది సాక్షులు ఒకే అబద్ధమును చెప్పినట్లు! పోల్చి చూచిన ప్రయోజనమేమి? 1631లో లండనున రాజముద్రాపకులు ప్రచురించిన బైబిలులో, వ్యభిచరింపరాదను ఆజ్ఞయందు నిషేధవాచకమగు ఒక్క చిన్న పదము జారిపోయెను. నిషేధము విధియై కూర్చున్నది. ముద్రాపకులకు 300 పౌనుల జరిమానా విధింపబడినది. ఆ ప్రతులలో నేడు మిగిలినవి బహు కొలది.

ఇట్టి తప్పు ఎట్లు దాగియుండును? కన్ను అక్షరమును చూచుటకు ముందే మనస్సు దానిని చదివివేయును. గ్రంథకర్త తన ప్రూఫులను తానే దిద్దుకొనునపుడు కాగితముపై నున్నది గాక తన తలపులోనున్నది చదువును. త్రాడుపై పామును ఆరోపించుటకును దీనికిని భేదమేమి? అందులకే మంచి ముద్రణాలయములలో ఒకడు మూలమును పైకి చదువుచుండ, వేరొకడు ప్రూఫును దిద్దెడివాడు. సీసపు అక్షరములను కూర్చు కాలము గడచిపోయి నేడు కంప్యూటరు వచ్చినది. తప్పులను యంత్రమే చూపుచున్నది. కాని 'నిత్యము' కూడ సరియైన మాటయే గదా! అది ఉండదగిన చోట నున్నదో లేదో చెప్పుటకు అర్థమెరిగిన కన్ను వలయును.

మానవుడు తప్పు చేయుట సహజము. దానికై నిందించుట కఠినము గాదా యని అడుగవచ్చును. నిజమే. జాగ్రత్త వహించియు పొరబడినవాడు క్షమార్హుడు. కాని తప్పు తెలిసిన క్షణమునుండి దాని స్వభావము మారును. తెలిసియు దిద్దనిచో అది అచ్చుతప్పు గాదు, అసత్యము. పూర్వపు పుస్తకములలో కానవచ్చు తప్పొప్పుల పట్టికను పెక్కుమంది పుస్తకమునకు మచ్చగా నెంచుదురు. నిజమునకు అది ప్రచురణకర్త పాఠకునికి చేయు క్షమాప్రార్థనము. భక్తుడు దేవుని యెదుట చెప్పుకొనుచున్నదానిని అతడు లోకము నెదుట చెప్పుకొనుచున్నాడు. పుస్తకమునే నమ్ముకొనిన ఆ వృద్ధురాలికి అతడు తీర్పవలసిన ఋణమదియే. ఆమె భక్తి ఆమెను కాపాడును. అతనిని కాపాడునది ఆ ఒప్పుకోలే.

మన జీవితమును గూడ మనము గ్రంథకర్త ప్రూఫును చదివినట్లే చదువుకొనుచుందుము. చేసినది గాక చేయదలచినది కనబడును. కోపము ధర్మాగ్రహముగను, లోభము పొదుపుగను తోచును. కావున మన పుటను మనకు చదివి వినిపించు సజ్జనుడు కావలయును. అతడు తప్పు చూపినపుడు నొచ్చుకొనక దిద్దుకొను ధైర్యమును కావలయును. తప్పులేని పుస్తకము దుర్లభము. తప్పును దాచని పుస్తకము మాత్రము మన చేతిలోని పనియే.