అటకమీది వీణకు వెల యెంత?

మధుర, కోయంబత్తూరులలోని మన పాత తెలుగు ఇండ్లు నానాటికి చేతులు మారుచున్నవి. నాయకరాజుల కాలమునుండి మనవారు కాపురమున్న వీథులలో ఇల్లు పడగొట్టునపుడు, అటకమీదినుండి ఇత్తడి బిందెలతోపాటు ఒక్కొక్కచోట వీణయు దిగుచుండును. తీగలు తెగి, మైనము రాలి, మెట్లు ఊడి చూచుటకు వంటచెరకువలె నుండును. ఇంటివారికి దాని విలువ తెలియదు, కొనవచ్చినవానికి తెలియును. అప్పుడు బేరమాడుట ధర్మమా?

బేరమే దోషమని నేననను. సంతలో వంకాయకు బేరమాడనివాడు గృహస్థుడే కాడు. అయితే అక్కడ సరకు ఇరువురికిని తెలియును. వీణ సంగతి వేరు. తంజావూరు వీణలలో కుండ, దండి వేర్వేరుగా చెక్కి అతికినవి కొన్ని. ఒకే పనసదుంగనుండి తొలిచిన ఏకాండవీణలు కొన్ని. రెండవవానికి గౌరవము హెచ్చు. దుమ్ము తుడిచి, అతుకు లేదని వ్రేలితో గ్రహించినవాడు "పురుగు పట్టినదమ్మా, దీనికేమి వచ్చును?" అని పెదవి విరిచినచో, ఆ మాటలో అబద్ధము లేకపోవచ్చును, వంచన కలదు.

భారత శాంతిపర్వమున జాజలియను తపస్వికి ధర్మము చెప్పిన తులాధారుడు వర్తకుడే. త్రాసు అందరికిని సమముగా పట్టుట ఆయన వ్రతము. క్రీ.పూ. 44లో రోమను పండితుడు సిసెరో వ్రాసిన ధర్మగ్రంథమున స్కేవోలాయను నతని కథ యున్నది. భూమి కొనబోయి, అమ్మువాడు చెప్పిన వెల తక్కువయని తానే పలికి, లక్ష నాణెములు అధికముగా నిచ్చెనట. మంచివాడే కాని తెలివిగలవాడు కాడని లోకులనిరి. మంచిని, తెలివిని అట్లు విడదీయుటయే చెరుపని సిసెరో వాదము.

కొనువాని పక్షమునను న్యాయము లేకపోలేదు. కోయంబత్తూరు జి.డి. నాయుడుగారు (1893–1974) పడుచుతనమున హోటలులో పనిచేసి కూడబెట్టి, ఒక ఆంగ్లేయోద్యోగి రడ్జి మోటారుసైకిలును కొని, విప్పి, మరల కూర్చిరి. విప్పినగాని ఏ వస్తువును పూర్తిగా తెలియదు. వీణలోని పగులు లోతెంతో కొన్నవానికిని ముందు తెలియదు. పిమ్మట మైనము కాచి, 24 మెట్లను ఒక్కొక్కటిగా చెవితో సరిచూచి నిలుపవలెను. ఆ కూలి, ఆ నష్టభయము వెలలో తగ్గించుకొనుట సబబే. తగ్గించునది చెప్పి తగ్గించవలెను.

మా పొరుగువారొకరు మధురలో అట్లే చేసిరి. ఇది ఏకాండము, బాగైన పిమ్మట ఇంత పలుకును, బాగుచేయుటకు ఇంతయగును, మిగిలినది మీది యని ఇంటి ముసలమ్మగారికి కాగితముమీద లెక్క వ్రాసి చూపిరి. ఆమె నమ్మలేదు! ఇంత చెప్పువాడు ఇంకేదో దాచుచున్నాడని మనుమని పిలిపించి, బజారులో విచారింపజేసి, వారము దినములకు సరేయనెను. నిజము చెప్పినవానికి ఆలస్యము తప్పదు కాబోలు.

ఇక బాగుచేయుటలో మరియొక చిక్కు. అమెరికాలో 1950ల నాటి ఫెండరు, గిబ్సను విద్యుత్ గిటారులకు మొదటి వార్నీషు చెరగనిచోనే వెల హెచ్చు. క్రొత్తరంగు పూసినచో తగ్గును. మన అంగళ్లలో తళతళలాడినదే క్రొత్తదానివలె అమ్ముడగును. మా పొరుగువారు మైనము, తీగలు మార్పించిరి. అవి అరుగుటకే పుట్టినవి. దండి అంచున ఎవరిదో బొటనవ్రేలు ఏండ్ల తరబడి రాచి నున్నచేసిన చోటును గూర్చి మాత్రము పనివానితో వాదము పెట్టుకొనిరి. అతడు మెరుగు పెట్టెదననెను. వీరు వలదనిరి. ఆ చోటు నేటికిని అట్లే యున్నది.