మరచినవారితో సత్యము పలుకుట

భర్త గతించి ఎన్నో యేండ్లైనను, వృద్ధురాలైన తల్లి ప్రతి సాయంకాలము, "మీ నాన్నగారు ఇంకా రాలేదేమిరా?" అని అడుగుచుండును. కుమారుడు ఏమని బదులు చెప్పవలెను? అబద్ధమాడరాదని చిన్ననాడు అతనికి నేర్పినది ఆమెయే. "నాన్నగారు పోయారు గదమ్మా" అనినచో ఆమె ఆ క్షణముననే విధవరాలగును. మరునాడు మరల అదే ప్రశ్న, మరల అదే రోదనము.

ఇది కల్పించిన చిక్కు కాదు. మన దేశమున అరువది యేండ్లు దాటినవారిలో సుమారు 88 లక్షలమంది డిమెన్షియాతో నున్నారని 2023లో వెలువడిన అంచనా. అందులో ప్రధానమైనది ఆల్‌జైమర్స్ వ్యాధి. దీనిని ముసలితనపు సహజమైన మరపని తలంచి అనేకులు విసుగుకొందురు. కాని 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు ఆసుపత్రిలో ఆలోయిస్ ఆల్‌జైమర్ అను వైద్యుడు పరీక్షించిన ఆగుస్తె డేటర్ అను స్త్రీకి అప్పటికి 51 యేండ్లే. తన పేరు తాను వ్రాసికొనలేకపోయెను. 1906లో ఆమె మరణించిన పిమ్మట, ఆమె మెదడులో కణముల వెలుపల పేరుకొన్న మచ్చలను, లోపల చిక్కుపడిన పోగులను ఆయన చూచెను. ఈ చెరుపు సాధారణముగా క్రొత్త జ్ఞాపకములను నిలుపు భాగమును ముందుగా తాకును. అందుచేతనే ఉదయము తినిన ఇడ్లీ గుర్తుండదు గాని, నలువది యేండ్ల క్రిందట భర్త ఇల్లు చేరు వేళ గుర్తుండును. ఆమె ప్రశ్న మొండితనము కాదు.

2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఈ రోగులకు దుఃఖకరమైన, సంతోషకరమైన చలనచిత్ర దృశ్యములను చూపిరి. కొంతసేపటికి చూచినదానిని వారు చాలమట్టుకు మరచిరి. ఆ దుఃఖము, ఆ సంతోషము మాత్రము వారిలో నిలిచియుండెను. అనగా మరణవార్త తల్లి మదిలో నిలువదు, ఏడ్పు నిలుచును. తెలియజేయుటకై పలికిన సత్యము తెలివినీయక గాయమును మాత్రమే మిగుల్చుచున్నది.

అట్లయిన అబద్ధమాడవచ్చునా? నేనంత సులభముగా ఒప్పుకొనను. "ఊరికి వెళ్లారు, రేపు వస్తారు" అనుమాట దయవలన పుట్టవచ్చును. అదే నాలుక ఒకనాడు, "ఇది పింఛను కాగితమమ్మా" అని పొలము దస్తావేజుపై వేలిముద్ర వేయించుకొనగలదు. అబద్ధము ఎవరి సుఖముకొరకో అడిగి చూడవలెను. వ్యాధి తొలిదశలో దాని పేరు ఆమెకు దాచుటయు దయ కాదు. తన ఆస్తిని గూర్చి, చికిత్సను గూర్చి తన యిష్టమును చెప్పుకొనుటకు ఆమెకున్న గడువు అదియే.

ముదిరిన దశలో మాటకు గాక మాటలోని ఎదురుచూపునకు బదులీయవచ్చును. "నాన్నగారు గుర్తుకొచ్చారా అమ్మా? సాయంత్రం ఆయనకేం చేసిపెట్టేదానివి?" అని ప్రక్కన కూర్చుండినయెడల అందులో అబద్ధము లేదు. దీనికి తీరిక కావలెను. పగలంతయు ఒంటరిగా సేవచేసి అలసిన కోడలికి ఈ ఓర్పును ఉపదేశించువారు ముందు ఆమెకొక పూట విశ్రాంతినియ్యవలెను.

ఎప్పుడైనను ఆమె కన్నులలోనికి చూచి, "నిజం చెప్పు, ఆయన లేరు గదూ?" అని అడుగవచ్చును. అప్పుడు చేయి పట్టుకొని, లేరని చెప్పి, ఆమె ఏడ్చినంతసేపు లేచిపోక అక్కడనే యుండవలెను.